మూత లోపలి గీతలు

"మూత బిగిచ్చినవా, తాయమ్మా?"

"బిగిచ్చిన, సాబ్."

"లోపల గీత పెట్టినవా?"

"పెట్టిన. మీ గీతనే పెట్టిన."

"నాదెందుకు? పని చేసింది నువ్వు. నీది పెట్టు."

ఖాసీం సాబ్‌కూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. దుకాణం వెనక గదిలో నులకమంచం మీద పడుకుని అడిగాడు. అప్పటికి ఆరు నెలలుగా ఆయన మంచం దిగలేదు, బల్ల దగ్గర పనంతా నాదే. మర్నాడు పొద్దున నేను తాళం తీద్దామని వచ్చేసరికి గల్లీలో మనుషులు చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. ఆయన్ను తీసుకుపోయాక, బల్ల మీద ఉన్న ఆ వాచీ మూత మళ్లీ తెరిచి సాబ్ గీత పక్కన నా గీత పెట్టాను. అంతకుముందు ఎన్ని వాచీలు బాగుచేసినా ఒక్కదానిలోనూ నా గుర్తు పెట్టలేదు. దొంగ అని పిలిపించుకున్న ఆడదాని గుర్తు లోపల ఉందంటే ఆ వాచీ ఎవరు కట్టుకుంటారు అని నా భయం.

ఇవాళ పొద్దున పక్కింటాయన వాకిట్లో కూర్చుని మోటారుసైకిలు చైను పెట్రోలుతో కడుగుతున్నాడు. ఆ వాసన మా ఇంట్లోకి వచ్చింది. నేను రొట్టెలు చేస్తూ చేస్తూ పిండి చేత్తోనే గడప మీద కూలబడ్డాను. సాబ్ దుకాణంలో నా మొదటి పని పెట్రోలు గిన్నెలో వాచీ చక్రాలు కడగడం. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే నాకు ముందు ఆయన గుర్తొస్తాడు, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. ఆయన మీద కాదు. ఎవరి మీదో చెబుతాను. రాసేది మా చెల్లెలి కూతురు సుజాత, బడిలో పంతులమ్మ. నాకు అంకెలు వచ్చు, నా పేరు రాయడం వచ్చు, అంతకు మించి రాదు. నా మాటను పుస్తకం మాటగా దిద్దుతానంది. దిద్దనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టు ఉండాలని చెప్పాను.

నేను పుట్టింది రాయచూరు దగ్గర గిల్లేసూగూరు, కాపురానికి వచ్చింది చిక్కసూగూరు. నది ఒడ్డున కరెంటు ప్లాంటు కడుతున్న రోజులవి, మూడో పొగగొట్టం లేస్తోంది. నా పెనిమిటి నర్సప్ప అక్కడ కంత్రాటు కూలీ, రైలు డబ్బాల నుంచి బొగ్గు దింపేవాడు. ఒకరోజు డబ్బా తలుపు ఊడి బొగ్గంతా మీద పడింది. ఆయన్ను తవ్వి తీశారు. భార్యకు ఊడ్చే పనిలో పర్మనెంటు ఉద్యోగం ఇస్తామని అందరి ముందూ చెప్పారు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సినవాడు ఒక పెద్ద ఇంజనీరు, కాకినాడ వైపు మనిషి. కాగితం కదిలేదాకా మా ఇంట్లో పని చెయ్యి అన్నాడు. కాలనీలో ఆయన క్వార్టర్సులో అంట్లు తోమాను, బట్టలు ఉతికాను, ఏడాది పైన. కాగితం కదల్లేదు.

ఆ ఇంజనీరుకు ఒక బంగారు వాచీ ఉండేది. స్విట్జర్లాండులో చేసిందట, పెళ్లిలో మామగారు పెట్టిందట. పొద్దున లేస్తే ఆ ఇంట్లో దేవుడికంటే ముందు దాన్ని తుడిచేవారు. అది ఉన్నట్టుండి తొందరగా నడవడం మొదలుపెట్టింది. పొద్దున సరిచేస్తే సాయంత్రానికి అరగంట ముందుకు పోయేది. "రాయచూరులో ఖాసీం అని ఒక సాయిబున్నాడట, వాడి దగ్గర ఇచ్చిరావే. జాగ్రత్త!" అని ఇంజనీరుగారి భార్య దాన్ని నా చేతిలో పెట్టింది. నేను రుమాలులో చుట్టి, రొమ్ముకు హత్తుకుని బస్సులో నిలబడి పోయాను. కూర్చుంటే ఎవరి మోచేయి తగులుతుందో అని.

బస్టాండు వెనక గల్లీలో చిన్న దుకాణం. కంటికి నల్లటి గొట్టం లాంటి భూతద్దం తగిలించుకున్న ముసలాయన. వాచీని ముట్టుకోకుండానే ముందు పెట్టెలోంచి దిక్కులు చూపించే ముల్లు తీసి దాని పక్కన పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"మీ దొర పెద్ద మిషన్ల కాడ తిరుగుతడా?" అన్నాడు.

"అవ్, కరెంటు పుట్టే కాడనే ఆయన పని."

"గందుకే. దీనికి అయస్కాంతం పట్టింది. లోపల వెంట్రుక లెక్క ఒక స్ప్రింగు ఉంటది, దాని చుట్టలు ఒకదానికొకటి అతుక్కున్నయి. ఊపిరి పూర్తిగ తీసుకుంటలేదు, గందుకే ఉరుకుతున్నది. దా, చూడు."

నన్ను చూడమన్నాడు! పనిమనిషిని. ఆ భూతద్దం నా కంటికి పెట్టాడు. ఈనెలకంటే సన్నటి చక్రాలు, వాటి మధ్య ఏదో గుండెలా కొట్టుకుంటోంది. నా జన్మలో ఎవరూ నాకు అలా ఏదీ తెరిచి చూపలేదు. పని అయ్యాక సూది తీసుకుని మూత లోపలి వైపు జొన్నకంకిలాంటి గీత ఒకటి, పక్కన రెండు చుక్కలు, కింద తేదీ గీశాడు. తర్వాత పెద్ద పుస్తకంలో మూత మీది నంబరు, లోపలి యంత్రం నంబరు, ఇంజనీరు పేరు రాసి "నీ పేరు?" అన్నాడు.

"నా పేరెందుకు? వాచీ సారుది."

"తేంది గడియారం రాలె కద. తెచ్చిన మనిషి పేరు గుడ రాస్త. ఇది నా పద్ధతి."

మూడు నెలలకు ఆ వాచీ పోయింది. ఇంట్లో ఏదో వ్రతం, చుట్టాలు దిగారు, ఇంజనీరుగారి బావమరిది అప్పటికి పది రోజులుగా అక్కడే మకాం. స్నానానికి పోతూ ఇంజనీరు వాచీని అలమరలో పెట్టాడు, వచ్చేసరికి లేదు. ఇంటినిండా జనం ఉంటే ఆయన చూపు తిన్నగా పెరట్లో అంట్లు తోముతున్న నా మీదికి వచ్చింది. ఒక్క చుట్టాన్ని "చూశావా" అని అడగలేదు. "దాని విలువ దీనికి బాగా తెలుసండీ, రిపేరుకు తీసుకెళ్లింది ఇదేగా" అంది భార్య. బావమరిది అక్కడే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. "వీళ్లను ఇంట్లోకి రానివ్వడమే తప్పు బావా" అన్నాడు. ఆ గొంతు నాకు ఈ రోజుకీ వినబడుతుంది.

ఠాణాలో రెండు రోజులు ఉంచారు. ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో సుజాతకు చెప్పాను, రాయొద్దన్నాను. రెండో రోజు ఎస్సై ఒక కాగితం తెచ్చాడు. "ఏమున్నది సార్ దీంట్ల?" అని అడిగాను. "సుమ్మనిరు! వేలు పెట్టు, ఇంటికి పోతవ్" అన్నాడు. సుమ్మనిరు అంటే కన్నడంలో నోరు మూసుకో అని. ఇంటికి పోతానన్న ఆశతో వేలు పెట్టాను. ఇంటికైతే పంపారు, కాని కేసు అలాగే ఉంది. ఇంజనీరు ఆఫీసు ముందు నిలబడి నా ఉద్యోగం సంగతి అడిగితే, "పోలీసు కేసున్న మనిషికి ఉద్యోగం ఎలా ఇస్తారు తాయమ్మా? నా చేతుల్లో ఏముంది చెప్పు?" అన్నాడు, ఎంతో జాలిపడుతున్నట్టు మొహం పెట్టి. నా పెనిమిటి ప్రాణం తీసుకుని ఇస్తామన్న చీపురు కూడా ఒక్క వేలిముద్రతో లాగేసుకున్నారు.

పోలీసులు సాబ్ దుకాణానికి కూడా వెళ్లారని తెలిసింది. ఆ ముసలాయనే నా మీద ఏదో చెప్పి ఉంటాడనుకున్నాను. ఆ కోపంతో తిన్నగా దుకాణానికి పోయి గల్లీ అంతా వినబడేలా అరిచాను.

"నా పేరు పుస్తకంల రాసుకున్నవ్ కద! గిందుకేనా? పోలీసోళ్లకు చూపియ్యనీకేనా?"

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "చూపిచ్చిన. ఏమన్ననో గుడ వినిపో. ఆ అమ్మ గడియారాన్ని పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చింది, దొంగలు గట్ల తేరు, రాసుకో అన్న. ఎస్సై రాసుకోలె. నా మాట వాని కాగితంల పట్టలె."

ఆయన టీ తెప్పించి సాసరులో పోసి నా ముందుకు జరిపాడు.

"ఇప్పుడేం పని చేస్తున్నవ్?"

"దొంగకు పని ఎవరిస్తరు, సాబ్?"

"గీ దుకాణంల అన్నీ గోరంత గోరంత సామాన్లు, సగం బంగారువి. నువ్వు దొంగవైతే నాకు పదిరోజులల్ల తెలుస్తది. కాకుంటె గుడ తెలుస్తది. కూసో."

అలా కూర్చున్నాను. గల్లీలో వాళ్లకు నవ్వులాట దొరికింది. ఎదురుగా తాళాలు చేసే బసప్ప రోజూ పొద్దున "సాబ్, జేబులు కుట్టిచ్చుకున్నవా లేదా?" అని కేక వేసేవాడు. సాబ్ తల ఎత్తకుండానే, "నీ తాళాలకంటె ఈ అమ్మ చెయ్యి గట్టిది, పో" అనేవాడు. సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు నా చెంగు దులిపి చూపబోయాను ఒకసారి. ఆయన మొహం తిప్పుకున్నాడు. "ఇంకోపారి గట్ల చేస్తే రేపటి నుంచి రాకు" అన్నాడు. ఆ రోజు ఆయనకు వచ్చినంత కోపం నేను చేసిన ఏ తప్పుకూ రాలేదు, ఒక్కదానికి తప్ప.

అదేమిటంటే, పనిలో చేరిన కొత్తలో సాబ్ నన్ను మెచ్చుకోవాలని ఒక పాత వాచీ మూతను లోపలా బయటా సుద్దపొడి పెట్టి అద్దంలా రుద్దాను. సాబ్ చూసి తల పట్టుకున్నాడు. "ఏం చేసినవమ్మా! దీని నోరు మూసేసినవ్!" అన్నాడు. అప్పుడు ఇంకో వాచీ తెరిచి చూపించాడు. మూత లోపల సూదితో గీసిన సన్నటి గుర్తులు ఆరేడు, వేరు వేరు చేతులవి. వాచీ బాగుచేసేవాళ్లంతా ఎక్కడివాళ్లయినా ఇలాగే గుర్తు పెడతారట. "ఈ కొక్కెం హైదరాబాద్‌ల ఒక ఉస్తాద్‌ది. ఈ మూడు గీతలు కర్నూల్‌ల నా దోస్తుది. ఇగో ఇది నాది. ఈ గడియారం ఎన్ని ఊర్లు తిరిగిందో, ఎవరి చేతుల పడ్డదో అంత ఇక్కడ ఉన్నది. కట్టుకునేటోనికి గుడ తెల్వది." అక్షరాలు నా తలకెక్కలేదు గాని ఆ గుర్తులు నాకు రెండు నెలల్లో వచ్చేశాయి. అంకెలు కూడా ఆయనే నేర్పాడు, తేదీలు చదవడానికి.

ఆయన నాకు ఒక మాట మళ్లీ మళ్లీ చెప్పేవాడు. "బంగారం దొంగిలిస్తే కరగబెడ్తరు. మేకను దొంగిలిస్తే తింటరు. గడియారం దొంగ గడియారాన్ని నడిపియ్యాలె. నడవకుంటే అది ఇనుప తునక. ఎప్పుడో ఒకనాడు ఆగుతది, మా అసొంటోని కాడికే రావాలె. నీ గడియారం గుడ వస్తది." ఇంజనీరు వాచీ నంబరు, తన గుర్తు, పెట్టిన తేదీ కార్డుల మీద రాసి కర్నూలు, మహబూబ్‌నగర్, గుల్బర్గాలో తనకు తెలిసిన దుకాణాలకు పంపాడు. నాకు నమ్మకం లేదు. కాని ఒకసారి నా కళ్లముందే జరిగింది. బంగారు గనుల్లో పనిచేసే ఒక ఆఫీసరు వాచీ పోయిందని గుర్తులతో సహా చెప్పి వెళ్లాడు. ఆరు నెలలకు సిల్కు చొక్కా వేసుకున్న ఒకడు దాన్నే తెచ్చాడు. సాబ్ మూత తీసి చూసి, మొహంలో ఏ మార్పూ లేకుండా, "సామాను హైదరాబాద్ నుంచి రావాలె, వారం ఆగుండ్రి, మీ అడ్రసు చెప్పుండ్రి" అన్నాడు. వాడు "ఒక్క వాచీకి వారమా? నీకు పని వచ్చా అసలు?" అని సాబ్‌నే తిట్టి, అడ్రసు వివరంగా చెప్పి మరీ పోయాడు. వారం తర్వాత వాడొచ్చేసరికి వాచీ అసలు మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజు మేం ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం సింధనూరు దగ్గర క్యాంపు నుంచి వీర్రాజుగారని ఒక రైతు వచ్చాడు. తుంగభద్ర కాలువ కింద వరి పండించడానికి గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. చేతిలో తడి గుడ్డలో చుట్టిన వాచీ.

"కాలవ గేటు తిప్పుతుంటే నీళ్లల్లో పడిపోయిందండీ. నా కొడుకు పెళ్లికని కొన్నాను. వాడేమో, నాకొద్దు నువ్వే కట్టుకో నాన్నా అన్నాడు. కట్టుకున్న పాపానికి బురదపాలు చేశాను. ఊపిరి పోస్తారేమో చూడండి బాబూ" అన్నాడు.

తోలు పట్టీ, బంగారం కనబడకుండా బురద. మూత బయట నంబరు ఉండాల్సిన చోట ఆకురాయితో అరగదీసినట్టు గరుకుగా ఉంది. నీళ్లు దిగిన వాచీని వెంటనే తెరవాలి, సాబ్ వేరే పనిలో ఉన్నాడు, నేనే మూత తీశాను. లోపల బురద మరక. దూదితో ఒత్తాను. రుద్దలేదు, ఒత్తాను. జొన్నకంకి గీత, రెండు చుక్కలు, కింద తేదీ. ఆ తేదీ నాకు తెలుసు. నేను రుమాలు రొమ్ముకు హత్తుకుని బస్సులో నిలబడ్డ రోజు అది.

మూత జారి బల్ల మీద పడింది. సాబ్ వచ్చి చూశాడు. పుస్తకం తీశాడు, వాచీ యంత్రం మీదున్న నంబరు భూతద్దంలో చదివాడు, పుస్తకంలో ఉన్న నంబరు మీద వేలు పెట్టాడు. సామాను హైదరాబాదు నుంచి రావాలి అంటాడనుకున్నాను. అనలేదు. ఆ రైతు మొహం కాసేపు చూశాడు.

"వీర్రాజుగారూ, కోపం జెయ్యకుండ్రి. ఇది దొంగ సొత్తు. మీరు దొంగ కాదని మీ మొహం చూస్తేనే తెలుస్తున్నది. ఎవరి కాడ కొన్నరు?"

"అయ్యబాబోయ్! దొంగ సొత్తేంటండీ! మా కాకినాడ కుర్రాడే అమ్మాడు. కరెంటు ప్లాంటులో పెద్ద ఇంజనీరుగారి బావమరిదట. ఆ దర్జా చూసే కదా కొన్నాను!"

టీ తాగుతూ, వీళ్లను ఇంట్లోకి రానివ్వడమే తప్పు అన్నవాడు! సాబ్ వీర్రాజుగారికి నా కథంతా చెప్పాడు. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "అమ్మా, ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెబుతాను. నా వాచీ పోతే పోయింది" అన్నాడు.

సాబ్ ఇంజనీరుకు కబురు పంపాడు, వీర్రాజుగారినీ మర్నాడు రమ్మన్నాడు. ఇంజనీరు జీపులో వచ్చాడు. నన్ను చూసి చూడనట్టు చెయ్యి చాపాడు. "ఇలా ఇచ్చెయ్ సాయిబూ. మా ఇంటి వ్యవహారం ఇది, నలుగురిలో పెట్టకు."

"మీ ఇంటి వ్యవహారమైతే మీ ఇంట్లనే ఉంటుండె సార్. ఇది ఈ అమ్మ పేరు మీద ఠాణల ఉన్నది. అక్కడికే పోదాం. అక్కడ ఇస్త."

"నేనెవరో తెలుసా నీకు?"

"తెలుసు సార్. పుస్తకంల రాసుకున్న."

నలుగురం ఠాణాకు పోయాం. అదే ఎస్సై. ముందు "ఇది అదే వాచీ అని ఎట్ల చెప్తవ్? మూత మీద నంబరే లేదు" అన్నాడు. సాబ్ బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, అందరి ముందూ మూత తీసి, భూతద్దం ఎస్సై చేతికిచ్చాడు. పుస్తకం పక్కన పెట్టాడు. ఎస్సై చాలాసేపు చూసి ఇంజనీరు వైపు తిరిగాడు. ఇంజనీరు నీళ్లు నమిలాడు. "కుర్రాడు... సరదాకి పెట్టుకెళ్లినట్టున్నాడు. నాకు తెలీదు" అన్నాడు. ఎస్సై నవ్వేసి, "సరే సార్, ఫ్యామిలీ మ్యాటర్. క్లోజ్ చేద్దాం" అన్నాడు. నేను ఠాణా మెట్లెక్కినప్పుడు అది దొంగతనం. బావమరిది పేరు బయటికి రాగానే ఫ్యామిలీ మ్యాటర్ అయిపోయింది.

"ఆ అమ్మతో వేలు పెట్టిచ్చుకున్న కాగితం ఏమున్నదో చదువుండ్రి" అన్నాడు సాబ్.

"ఇప్పుడెందుకది?"

"ఆమె వినలె సార్. ఎన్నడు వినలె."

వీర్రాజుగారు కూడా "చదవండి బాబూ, మేమూ వింటాం" అనేసరికి ఎస్సైకి తప్పలేదు. ఫైలు తెప్పించి చదివాడు. నా భర్త చనిపోయినందున ఇల్లు గడవక, యజమాని వాచీని నేనే దొంగిలించి, రాయచూరు బస్టాండులో గుర్తు తెలియని మనిషికి అమ్ముకుని, ఆ డబ్బు తిని ఖర్చు చేశానని ఒప్పుకుంటున్నాను, అని ఉంది అందులో. నేను అన్నట్టుగా! నా నోటితో! బొగ్గు కింద ఊపిరాడక పోయిన నా పెనిమిటిని కూడా ఆ కాగితంలోకి ఈడ్చి, నా దొంగతనానికి సాక్ష్యం చేశారు. రెండేళ్లుగా ఆ మాటలు నా వేలి కింద ఉన్నాయి, నాకు తెలియదు. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

సాబ్ గొంతు పెంచలేదు. "ఇప్పుడు ఇంకో కాగితం రాయుండ్రి. సార్ సంతకం పెట్టాలె. రాసినంక పైకి చదవాలె" అన్నాడు. ఇంజనీరు రాశాడు. ఎస్సై చదివాడు. వాచీ పొరపాటున ఇంట్లోనే వేరొకచోట దొరికినది, అని. వీర్రాజుగారు లేచి నిలబడ్డాడు. "ఇంట్లో ఎక్కడ దొరికిందండీ, రెండేళ్లుగా నా చేతికి ఉంటేను! మీ ఇల్లు నా మణికట్టు మీదుందా?" కానిస్టేబుళ్లు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వారు. మళ్లీ రాశాడు, మళ్లీ చదివించారు, మళ్లీ ఏదో మెలిక. మూడోసారికి "తాయమ్మ వాచీ తీయలేదు" అన్న మాట వచ్చింది. తీసినవాడి పేరు మాత్రం రాయలేదు. ఆ పేరుకు మర్యాద ఉంది కదా.

సంతకం పెట్టి కలం మూస్తూ ఇంజనీరు నాతో ఏమన్నాడో తెలుసా? "సరేలే తాయమ్మా, అయిందేదో అయింది. రేపటి నుంచి పనిలోకి వచ్చెయ్. అమ్మగారికి నీ పనే నచ్చుతుంది."

తప్పయింది అనలేదు. ఆ ఒక్క మాట ఆయన నోట్లో లేదు. నాకు పని దానం చేస్తున్నాడు!

"సార్, మీ ఇంట్ల రేపు ఏం పోయినా మల్ల పెరట్ల ఉన్న నా దిక్కే చూస్తరు. కుర్చీల కూసోని చాయ్ తాగేటోని దిక్కు చూడరు. మీ అంట్లు మీ బావమరిదితోని తోమిచ్చుకోండ్రి" అన్నాను.

ఇంజనీరు వాచీ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. వీర్రాజుగారు ఆయన వెనకే పరుగెత్తాడు, బావమరిదికి ఇచ్చిన డబ్బు సంగతి తేల్చుకోవడానికి. తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగే ముందు సాబ్ అన్నాడు, "నీకు గుడ అయస్కాంతం పట్టింది బిడ్డా. ఇయ్యాల శాన తేజ్ నడిచినవ్." ఇద్దరం నవ్వాం. కాని నవ్వుతూనే నేను అడిగాను, "ఆ పాత కాగితం చించిండ్రా, సాబ్?" ఆయన నవ్వు ఆగిపోయింది.

చించలేదు. కొత్త కాగితాన్ని దాని వెనక కుట్టారట. ఫైలులో కాగితం చించకూడదట, రూలు. తర్వాత రెండుసార్లు సాబ్ నన్ను వెంటబెట్టుకుని పోయి అడిగాడు. "కేసు లేదు కదమ్మా, కాగితం ఉంటే నీకేంటి నొప్పి?" అన్నారు. నా ఉద్యోగం అప్పటికే వేరే ఎవరికో ఇచ్చేశారు. కాలనీలో నన్ను దొంగ అన్నవాళ్లలో ఒక్కరూ వచ్చి కాదని చెప్పలేదు. వాచీ దొరికిన సంగతి ఆ ఇంటి గోడ దాటలేదు. ఇంజనీరు బదిలీ అయిపోయే రోజు దండలు వేసి పంపారు.

నన్ను చాలామంది అడుగుతారు, అంత మంచి ముసలాయన దొరికాడు, చేతికి పని వచ్చింది, ఇంకా ఎందుకు ఆ కోపం అని. సాబ్ నాకు ఇచ్చింది ఓదార్పు కాదు. ఓదార్చేవాళ్లు వేరే ఉన్నారు, "పోనీలే తాయమ్మా" అనేవాళ్లు. ఆయన ఒక్కసారి కూడా పోనీలే అనలేదు. ఒక ముస్లిం ముసలాయన, తన దుకాణం అద్దెకే అవస్థ పడేవాడు, ఒక పనిమనిషి పేరు కోసం ఇంజనీరునూ పోలీసునూ కూర్చోబెట్టి మూడుసార్లు రాయించాడు, మూడుసార్లు చదివించాడు. పోయింది వాచీ కాదు, ఈమె పేరు, అని ఆయన ఒక్కడికే అర్థమైంది. ఆ కోపాన్ని ఆయన నాకు పని నేర్పినట్టే నేర్పాడు. అరవకుండా, చేతులు వణకకుండా పట్టుకోవడం ఎలాగో. అది నేను ఇంకా మోస్తున్నాను, దించే ఉద్దేశం లేదు.

ఆ ఠాణా ఇప్పుడు కొత్త బిల్డింగులోకి మారింది. పాత ఫైళ్లు ఏ గదిలో పడేశారో, చెదలు తిన్నాయో లేదో ఎవరూ చెప్పరు. తినకపోతే ఆ కాగితంలో నేను ఇంకా దొంగనే, నా పెనిమిటి చావు చూపించి దొంగతనం చేసినదాన్నే. వాళ్లు రాసింది ఒకటుంటే నేను చెప్పింది కూడా ఒకటి ఉండాలని ఇవాళ సుజాతను కూర్చోబెట్టాను.

ఇగ చాలు, బిడ్డా. కలం కింద పెట్టు. ఏందట్ల చూస్తున్నవ్, సంతకం నేను పెడ్త, నాకు వస్తది. గది తర్వాత. ముందుగాల మొదటికెల్లి చదువు, ఒక్క మాట ఇడువకుండ. నేను వింట.